పది ఊచల గొడుగు, ఒక ఆమేన్

ఆ రోజు ప్లాను చాలా సులువైనది. ఏడింటికి చర్చి అయ్యగారు వచ్చి కొత్త గొడుగు మీద ప్రార్థన చేస్తారు. ఏడుంబావుకి హెప్సీ ఆ గొడుగు వేసుకుని బయల్దేరుతుంది. పదింటికి న్యూ టౌన్‌లో ఇంటర్వ్యూ. హౌరా దగ్గరి టికియాపారా రైల్వే క్వార్టర్లలో ఇంతకన్నా తేలికైన ప్లాను ఎవరూ వేసి ఉండరు. అందుకే హెప్సీ తండ్రి ఎలీయాజరుకి తెల్లారినప్పటి నుంచీ గుండెల్లో దడగా ఉంది.

దడకి కారణం లేకపోలేదు. మొదటి ఇంటర్వ్యూకి వెళ్తుంటే హౌరా బ్రిడ్జి మీద గాలికి హెప్సీ గొడుగు తిరగబడి సర్టిఫికెట్లు నానిపోయాయి. రెండోసారి ఊచలు విరిగి, తడిసిన కోడిపిల్లలా గంట ఆలస్యంగా వెళ్తే గేటు దగ్గరే "మళ్లీ కబురు చేస్తాం" అన్నారు. ఆ కబురు ఇంతవరకూ రాలేదు. ఇది మూడోది. ఎలీయాజరు రైల్వే షెడ్డులో ఫిట్టరు. వచ్చే నెల రిటైరైపోతాడు. ఆపైన క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఈలోగా పిల్లకి ఉద్యోగం రాకపోతే ఎక్కడికి పోవాలో ఆ దేవుడికే తెలియాలి.

కాబట్టి గొడుగు దగ్గర ఆయన మొండికెత్తాడు. ఎనిమిది ఊచలు చాలవు, పది కావాలి. ఇనుపవి విరుగుతాయి, ఫైబరువి వంగి లేస్తాయి. గుడ్డ రెండు పొరలుగా ఉండి, మధ్య సందులోంచి గాలి పోవాలి. మడిస్తే హెప్సీ బ్యాగులో పట్టాలి. వారం రోజులు తిరిగి ఎస్ప్లనేడ్‌లో ఒక కొట్లో అలాంటిది పట్టుకుని, షోకి పెట్టినదాన్ని ఫ్యాను ముందు విప్పి చూపించమన్నాడు. "దాదా, మీరు కొనేది గొడుగా, పడవ తెరచాపా?" అని కొట్టువాడు విసుక్కున్నాడు. ఎలీయాజరు పట్టించుకోలేదు.

ఇంటికి తెచ్చి విప్పబోతే భార్య విజయ కుమారి చెయ్యి పట్టుకుంది.

"ప్రార్థన అవకుండా కొత్త వస్తువు ఇప్పకూడదు. పోయిన రెండు గొడుగులూ ప్రార్థన నేకుండానే కదా ఇప్పినారు. ఏటయింది?"

ఎలీయాజరు గొడుగుని మళ్లీ కవర్లో పెట్టేశాడు. ఆ ఇంట్లో ఫ్రిజ్జు, మిక్సీ, ఆఖరికి కుక్కరు కూడా ప్రార్థన అయ్యాకే పని మొదలుపెట్టాయి.

మర్నాడు, ఇంటర్వ్యూ రోజు పొద్దున్న ఆవిడ ఇల్లంతా తుడిచి, గొడుగుని స్టీలు పళ్లెంలో పెట్టి, పక్కన అరటిపళ్లు సర్ది, పైన తెల్లగుడ్డ కప్పింది. మర్యాద కోసమే. కానీ వాళ్ల సంఘంలో తెల్లగుడ్డ కప్పిన పళ్లెం అయ్యగారి ముందు పెడితే అది అయ్యగారికి కానుక. ఇరవై ఏళ్లుగా ఆవిడే స్వయంగా అలాంటి పళ్లాలు పెట్టింది. ఆ పూట హడావుడిలో ఆ సంగతి బుర్రకి తట్టలేదు.

అయ్యగారు శామ్సన్ ఏడింటికి రావలసింది, రెండు ఊచలు ఊడిన పాత గొడుగుతో ఏడూ నలభైకి వచ్చారు. పళ్లెం వైపు చూసి, గుడ్డ కొద్దిగా ఎత్తి, మెత్తబడిపోయారు. కళ్లు మూసుకుని రైళ్ల కోసం, బెంగాల్ కోసం, వరద బాధితుల కోసం ప్రార్థించారు. ఇరవై నిమిషాలకి గొడుగు దగ్గరికి వచ్చారు.

"ప్రభువా, నా చిరుగు గొడుగు చూసి నీ దాసుడు ఎలీయాజరు మనసు కరిగి నాకిచ్చిన ఈ కానుకని..."

ఎలీయాజరు కళ్లు తెరిచాడు. విజయ కుమారీ తెరిచింది. హెప్సీవి ఎప్పుడో తెరిచే ఉన్నాయి, గడియారం మీద. ప్రార్థన మధ్యలో ఎవరడ్డుకుంటారు? చివరికి ముగ్గురి నోళ్లూ వాటంతటవే "ఆమేన్" అనేశాయి.

అయ్యగారు కొత్త గొడుగుని చంకలో పెట్టుకుని, పాతది వేసుకుని వెళ్లిపోయారు.

"డాడీ, గొడుగు!" అంది హెప్సీ ఏడుపు గొంతుతో.

"నోర్ముయ్యే! ఇచ్చీసినాక అడగకూడదు," అంది తల్లి.

"ఎవరిచ్చారు మమ్మీ?"

"మనమే. ఆమేన్ అన్నాం కదే!" అని విజయ కుమారి కూలబడి తలకొట్టుకుంది.

ఎలీయాజరు చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా వానలో పరుగెత్తాడు. అయ్యగారు అతన్ని చూసి, సాగనంపడానికి వచ్చాడనుకుని, ప్రేమగా తన గొడుగు కిందికి లాక్కున్నారు. ఎలీయాజరు నాలుగుసార్లు నోరు తెరిచాడు. నాలుగుసార్లూ "వానండి" అనే వచ్చింది. రైలు వంతెన కింద మోకాలి లోతు నీళ్లు. అక్కడ గాలి ఒక్క ఊపు ఊపేసరికి అయ్యగారి పాత గొడుగు పూర్తిగా తిరగబడింది.

"అయ్యగారూ, ఆ కొత్తది ఇప్పండి!"

"తప్పు. ఆదివారం సంఘానికి చూపించి, నీ పేరు చెప్పి, అప్పుడిప్పుతాను."

ఇక తట్టుకోలేకపోయాడు. ఆ నీళ్లలోనే నిలబడి భోరుమన్నాడు. "అది మా పిల్లదండి! ఇంటర్వ్యూకండి! నా బతుకు ఆ గొడుగు మీదుందండి!"

"మరి ఆమేన్ అన్నావేటయ్యా?"

"అలవాటండి."

అయ్యగారు చంకలోని కొత్త గొడుగు బయటికి తీశారు. "ఇరవై ఏళ్లుగా నా ప్రార్థనలకి నువ్వన్న ఆమేన్లన్నీ ఇలాంటివేనా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా గొడుగు అతని చేతిలో పెట్టారు.

పిల్ల చేతే మొదట విప్పించాలని దాన్ని చొక్కాలో దాచుకుని, తడుస్తూ, నీళ్లు నిండిన వీధులు తప్పించి చుట్టు తిరిగి ఇల్లు చేరేసరికి తొమ్మిదీ ముప్పావు. ఇక విమానం ఎక్కినా లాభం లేదు. గుమ్మంలోనే చతికిలబడి "అయిపోనాదే" అన్నాడు.

"ష్! అరవకండి," అంది విజయ కుమారి. "న్యూ టౌన్ రోడ్లన్నీ మునిగిపోనాయట. ఇంటర్వ్యూ ఫోన్‌లోనే, వీడియోలో చేస్తారట. ఇప్పుడే చెప్పినారు."

హెప్సీ ఇస్త్రీ బట్టల్లో కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆ ఇంట్లో సిగ్నల్ వచ్చేది అక్కడొక్కచోటే. పైకప్పు కారేది కూడా సరిగ్గా అక్కడే. పదింటికి ఫోన్ మోగింది, రెండు చుక్కలు సర్టిఫికెట్ మీద పడ్డాయి. ఎలీయాజరు స్టూలెక్కి గొడుగు విప్పాడు. పది ఊచలూ టక్కున తెరుచుకున్నాయి. తడిబట్టలతో, తుమ్ము ఆపుకుంటూ, ఫోన్‌లో కనబడకుండా నలభై నిమిషాలు పట్టుకుని నిలబడ్డాడు.

ఉద్యోగం వచ్చింది. ఇంటి నుంచే చెయ్యాలట. అంత గాలికి తట్టుకునే గొడుగు ఇప్పటివరకూ బయట వానలో తెరుచుకోనే లేదు.

ఆ వారమే కృతజ్ఞత ప్రార్థనకి అయ్యగారిని పిలిచారు. ఈసారి విజయ కుమారి ఇంట్లో పళ్లాలన్నీ దాచేసింది. ప్రార్థన ముగించి, ఒక్కో మాటా మనసులో సరిచూసుకుంటున్న ఎలీయాజరు ఆమేన్ కోసం అయ్యగారు చాలాసేపు ఆగవలసి వచ్చింది.