చిన్నరాములుకు గల్లీ ఇచ్చిన ఆస్తి

బుధవారం పొద్దున రవళి తల్లిదండ్రులకు పాఠం అప్పజెప్పినట్టు అన్నీ రెండుసార్లు చెప్పి మరీ సంగారెడ్డి బస్సెక్కింది. ఫీజు రీయింబర్స్‌మెంటుకు దరఖాస్తు పెట్టడానికి శనివారం ఆఖరు. అన్ని కాగితాలూ ఉన్నాయి, ఆదాయ ధ్రువపత్రం ఒక్కటే రాలేదు. మీసేవలో అర్జీ పెట్టి పది రోజులైంది కాబట్టి ఇవాళో రేపో రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఇంటికి వచ్చి నాలుగు మాటలు అడిగి వెళతాడు. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఉన్న ఆ పిల్ల చదువంతా ఈ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంది. సర్కారు ఫీజు కట్టకపోతే కట్టే స్తోమత ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం దగ్గరే తండ్రి చిన్నరాములుకు చిక్కొచ్చిపడింది. అతను గుమ్మడిదల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. నెలకు పదమూడు వేలు. అయితే ఆరేళ్ల కింద పటేల్‌గూడలోని ఈ గల్లీలో కిరాయికి దిగిన రోజున, ఏం పని చేస్తావని ఎవరో అడిగితే, నోరు జారి పర్మినెంట్ అనేశాడు. ఒక అబద్ధం ఒంటరిగా బతకలేదు కదా, ఊళ్లో రెండెకరాలు కూడా ఉన్నాయన్నాడు. అప్పటి నుంచి ఆ మర్యాదను ఇస్త్రీ చొక్కాలా నలగకుండా కాపాడుకొస్తున్నాడు. ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ గల్లీ నడుమ నిలబడి జీతమెంత అని అడిగితే అదంతా అర నిమిషంలో గంగలో కలిసిపోతుంది.

అందుకని అతనొక ఉపాయం ఆలోచించాడు. భార్య శివమ్మను ఆమె వంట చేసే బడికి ఎప్పటిలాగే పంపించేసి, ఇంటికి తాళం వేసి, మెయిన్ రోడ్డు మీద చాయ్ హోటల్ దగ్గర కాపు వేశాడు. సారును అక్కడే ఆపి, చాయ్ తాగించి, చెవిలో నిజం చెప్పి అటునుంచి అటే పంపించాలని. జీపు కోసం చూస్తూ నాలుగు చాయ్‌లు తాగాడు. ఇన్‌స్పెక్టర్ హరినాథ్ మాత్రం స్కూటీ మీద వెనక దారిన వచ్చాడు.

హరినాథ్‌కు తాను ఫలానా అని ముందుగా చెప్పే అలవాటు లేదు. చెబితే జనం టీవీ మీద దుప్పటి కప్పి, చిరిగిన బట్టలు కట్టుకుని ఎదురొస్తారని అతని అనుభవం. ఇంటికి తాళం చూసి, పక్కింటి గుమ్మంలో ఉన్న హైమావతమ్మను పలకరించాడు. ఈ చిన్నరాములు ఎలాంటివాడు, ఏం చేస్తాడు, పొలం ఏమన్నా ఉందా, అమ్మాయి ఏం చదువుతోంది అని అడిగాడు.

హైమావతమ్మది భీమవరం. భర్త వెంకటరామయ్యకు ఇక్కడి ప్లాంటులో ఉద్యోగం రావడంతో నలభై ఏళ్ల కింద వచ్చి స్థిరపడింది. ఇప్పటికి తొమ్మిది సంబంధాలు కుదిర్చిన మనిషి. నీటుగా టక్కు చేసుకున్న పెద్దమనిషి చెప్పాపెట్టకుండా వచ్చి పొలం గురించీ, అమ్మాయి చదువు గురించీ ఆరా తీస్తున్నాడంటే మగపెళ్లివారి మనిషని ఆవిడకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"కూర్చో బాబూ, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం," అంది. "వాళ్లు బంగారంలాంటి మనుషులు. ఆయనది పర్మినెంటు ఉద్యోగం. జీతం నలభై వేలకు తక్కువుండదు. ఊళ్లో రెండెకరాల పొలం కూడానూ."

కాఫీ వాసనకో, కొత్త మనిషిని చూసో గల్లీకి పాలు పోసే ఎదురింటి పోశమ్మ వచ్చింది. నిరుడు ఆమెకు జ్వరమొస్తే అర్ధరోజు జీతం పోగొట్టుకుని దవాఖానాకు తీసుకెళ్లినవాడు చిన్నరాములు. అలాంటివాడి బిడ్డకు మంచి సంబంధం వస్తుంటే రెండెకరాలతో సరిపెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

"రెండేంది, నాలుగెకరాలు," అంది. "బోరు గూడ ఏసిన్రు."

ఇంతలో తెల్ల కారు ఆపి దిగిన మూలింటి బాలరాజ్, సంగతి విని తనవంతుగా చిన్నరాములుకు సంగారెడ్డిలో ఒక ప్లాటు ఇచ్చాడు. హరినాథ్ అన్నీ రాసుకుని సంతకాలు పెట్టమన్నాడు. తొమ్మిది సంబంధాల్లో ఎవరూ సంతకం అడిగిన పాపాన పోలేదు గనుక హైమావతమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. కాలం మారింది, పెళ్లివారు కూడా అన్నీ పక్కాగా చేసుకుంటున్నారు కాబోలు అనుకుని గుండ్రంగా సంతకం చేసింది. పోశమ్మ వేలిముద్ర వేసింది. బాలరాజ్ అడక్కుండానే ఫోన్ నంబరు కూడా రాశాడు. కాజాలు పొట్లం కట్టి ఇస్తే హరినాథ్ పుచ్చుకోలేదు. ఆశ లేని మనుషులని హైమావతమ్మ మురిసిపోయింది.

మధ్యాహ్నం చిన్నరాములు తిరిగొచ్చేసరికి ఆవిడ అతని నోట్లో చక్కెర పోసి, సంబంధం ఖాయమైనట్టేనంది. అతను ఆ చక్కెర మింగకముందే ఫోన్ మోగింది.

"నాలుగెకరాలు, ప్లాటు పెట్టుకొని పేద పిల్లల పైసలకు చెయ్యి చాపుతున్నరు," అన్నాడు హరినాథ్. "రేపు మీ అర్జీ రిజెక్ట్ చేస్తున్న."

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన రవళి అంతా విన్నది. సంచిలోంచి పుస్తకాలు తీసి గూట్లో సర్దింది.

"మెడికల్ షాపుల మనిషి కావాలన్నరు బాపు. రేపటిసంది పోత," అంది.

పర్మినెంట్ మర్యాద ఖరీదు ఎంతో ఆ మాటతో చిన్నరాములుకు తెలిసింది. లేచి గల్లీ నడుమకు వెళ్లి, అందరినీ బయటికి రమ్మన్నాడు.

"నేను పర్మినెంట్ కాదు. కాంట్రాక్ట్ కూలీని, పదమూడు వేలొస్తయి," అన్నాడు తల వంచుకుని. "మా భూమి తాత కాలంల్నే పోయింది. ఆరేండ్ల సంది మీకు అబద్ధమే చెప్పిన. పొద్దుగాల వచ్చినాయన పెండ్లిమనిషి కాదు, సర్కారు మనిషి. మీరు మంచికే చెప్పిన్రు, గని నా బిడ్డ సదువు పోతున్నది."

నవ్వుతారనుకుని చిన్నరాములు మనసు గట్టి చేసుకున్నాడు. ఎప్పుడూ పెదవి విప్పని వెంకటరామయ్య గొంతు సవరించుకున్నాడు.

"నా పెన్షనెంతో తెలుసా రాములూ? మూడు వేల రెండు వందలు," అన్నాడు.

హైమావతమ్మ భర్తను గుడ్లురిమి చూసింది. తర్వాత ఆవిడే, మిగతాది తాను పచ్చళ్లు పెట్టి అమ్మితే వస్తోందని ఒప్పుకుంది. ఇగ తనకేం భయమని పోశమ్మ కూడా బయటపడింది. బర్రెలను పోయిన ఎండాకాలమే అమ్మేసింది, అప్పటి నుంచి గల్లీకి పాకెట్ పాలే పోస్తోంది.

"అందుకేనా ఈమధ్య చిక్కగా ఉంటున్నాయి," అంది హైమావతమ్మ.

కారు తనది కాదనీ, తాను పన్నెండు వేల డ్రైవర్ననీ బాలరాజ్ చెప్పేసరికి గల్లీ అంతా పగలబడి నవ్వింది. రవళి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆరేళ్లుగా మోస్తున్న బరువు దిగి చిన్నరాములుకు ప్రాణం హాయిగా ఉంది.

మర్నాడు ఆఫీసు తెరిచే వేళకు అందరూ బయల్దేరారు. బస్సయితే ఆలస్యమవుతుందని బాలరాజ్ ఓనరుగారి కారే తీశాడు. మండలాఫీసు వరండాలో నిలబడ్డ హరినాథ్, తెల్ల కారులోంచి ఆరుగురు దిగి, తాము పేదవాళ్లమని చెప్పడానికి వచ్చామనడం ఓపిగ్గా విన్నాడు. నిన్న సంతకాలు పెట్టింది మీరే కదా, ఏది నిజమని అడిగాడు.

"పెళ్లివారి మనిషివనుకున్నాం బాబూ," అంది హైమావతమ్మ.

హరినాథ్ ఫైలు కింద పెట్టి కుర్చీలు లాగి కూర్చోబెట్టాడు.

"నా పెండ్లప్పుడు మా గల్లీవాళ్లు నేను ఎమ్మార్వో అని చెప్పిన్రమ్మా," అన్నాడు. "మా ఆమె ఇంకా ఎదురుచూస్తనే ఉన్నది."

మాట మాటే, పని పనే. కాంట్రాక్టరు ఇచ్చిన జీతం చీటీలు చూశాడు. శివమ్మకు బడిలో వచ్చే మూడు వేలు కలిపాడు. ఏడాదికి లక్షా తొంభై రెండు వేలు తేలింది. హద్దు రెండు లక్షలు. తన విచారణ తొందరపాటుతో జరిగిందని ఒప్పుకుని, మళ్లీ మొదటి నుంచి వాంగ్మూలం రాసి, ఈసారి పైకి చదివి వినిపించి మరీ సంతకాలు పెట్టించుకున్నాడు.

శనివారం పదకొండు గంటలకు ధ్రువపత్రం వచ్చింది. పన్నెండింటికి రవళి దరఖాస్తు చేరిపోయింది. చిన్నరాములు ఆ కాగితం పట్టుకుని, సర్కారు ముద్ర కనిపించేలా ఇంటింటికీ తిరిగి చూపించాడు. వెంకటరామయ్య కళ్లద్దాలు పెట్టుకుని అంకెను రెండుసార్లు చదివాడు. వేళ్ల మీద లెక్క వేసి, ఈ గల్లీలో ఏ ఇంటికీ ఇంత రాబడి లేదని తేల్చాడు. అందరూ చిన్నరాములు వైపు కొత్తగా చూశారు. ఈసారి ఆ గౌరవంలో ఒక్క రూపాయి అబద్ధం లేదు.

ఆదివారం వినాయకుడి చందా పుస్తకంలో మొదటి పేరు అతనిదే రాశారు, పక్కన పెద్ద అంకె కూడా వాళ్లే వేశారు.