కడుపుకి నోటీసు

ఒక పెద్ద అడవిలో పాత వస్తువుల పరిరక్షణ సంఘం అని ఒకటుండేది. దాని అధ్యక్షుడు భల్లయ్య అనే ఎలుగుబంటి. తేనె నాకేసిన పట్టుని కూడా పారెయ్యనివ్వడు, నంబరేసి దాచమంటాడు.

ఆయన భార్య జుంటమ్మ కడుపుతో ఉంది. ఏడేళ్లకి నిలిచిన కడుపు. భల్లయ్యకి కాలు ఒకచోట నిలవడం లేదు. గుడ్లగూబ డాక్టరమ్మని పిలిపించాడు.

"అంతా బాగానే ఉందయ్యా," అంది డాక్టరమ్మ. "బిడ్డకి తిండీ గాలీ అందించే మావి తయారవుతోంది. దాన్ని కట్టే మూలకణాలు తమలో అరిగిపోయిన ముక్కల్ని తామే తినేసి, ఆ సరుకుతోనే కొత్తవి కట్టుకుంటాయి. అలా తింటేనే మావి ఎదుగుతుంది."

భల్లయ్య అదిరిపడ్డాడు. "పాతవాటిని తినేస్తున్నాయా? నా హయాంలో? నా ఇంట్లోనే?"

కార్యదర్శి గుంటనక్క చెవిలో ఊదింది. "ఇవాళ ముక్క తింటాయి, రేపు మొత్తం మింగుతాయి. లోకం ఏమంటుందండీ?"

బిడ్డ మీది భయంతో భల్లయ్య వెంటనే మోదుగాకు మీద ఉత్తర్వు రాయించాడు. అడవిలో ఎవరూ పాతదేదీ విప్పరాదు, చింపరాదు, తినరాదు. నక్క ఆ మోదుగాకు పట్టుకెళ్లి జుంటమ్మ పొట్ట ముందు నిలబడి గట్టిగా చదివింది. మూడు రోజుల్లో కణాలు సంజాయిషీ ఇచ్చుకోవాలంది.

"చదవడం అయిందా? అయితే పక్కకి జరుగు, ఎండ తగలనీ," అంది జుంటమ్మ.

ఆ అడవిలో పురిటికి ముందు గిజిగాడు పాత పడక విప్పుతాడు. కుళ్లింది తీసేసి, మంచి నారతో మళ్లీ అల్లుతాడు. ఈసారి సగం విప్పాడో లేదో నక్క వచ్చి ఆపేసింది. వాన పట్టుకుంది. పడక మీద పుట్టగొడుగులు మొలిచాయి. నక్క వాటికీ నంబర్లేసింది.

నెలలు నిండాక ఒకనాడు పొద్దున్నే నొప్పులొచ్చాయి.

"ఒరే గిజిగా, పడక వెయ్యరా!" అని అరిచాడు భల్లయ్య.

"విప్పితే గానీ వెయ్యలేనండి. విప్పొద్దన్నది తమరేనండి."

"ఆ ఉత్తర్వు రద్దు!"

"సంఘం కూర్చోవాలండీ," అంది నక్క. "సభ్యులు ఏనుగుగారు ఏటికవతల చిక్కుకుపోయారు."

జుంటమ్మ వాళ్ల మాటలు వినలేదు. మూలుగుతూ సంఘం ఆఫీసులో దూరింది. అడవి మొత్తానికి పొడిగా ఉన్న చోటు అదొక్కటే. ఏడేళ్ల ఉత్తర్వుల ఆకుల కట్టలు కిందికి లాగి, "నాయనా గిజిగా, ఇవి చీల్చు," అంది.

"అయ్యో, అసలు ప్రతులండీ!" అని నక్క గుండెలు బాదుకుంది.

భల్లయ్య జుంటమ్మ ముఖం చూశాడు. ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే తానూ కూర్చుని చింపడం మొదలుపెట్టాడు. ముందుగా చింపింది పొట్టకిచ్చిన నోటీసునే.

మధ్యాహ్నానికి ఆ మెత్తటి పడక మీద నల్లటి పిల్ల కేరుమంది. పుష్టిగా ఉంది.

భల్లయ్య డాక్టరమ్మని పక్కకి పిలిచి నెమ్మదిగా అడిగాడు. "మరి నా నోటీసు చూసి ఆ కణాలు ఏం చేశాయమ్మా?"

"వాటికి చదువు రాదు నాయనా. అందుకే నీ బిడ్డ బతికింది."

ఇంతలో నక్క వచ్చి పురిటి పడకకి నంబరు వెయ్యబోయింది. జుంటమ్మ దాని మూతి మీద ఒక్కటిచ్చింది.

నీతి: ఉత్తర్వు ఎంత పకడ్బందీగానైనా రాసుకోండి, అందాల్సిన చోటికి మాత్రం అందనివ్వకండి.