మోకాలి జేబులో పొట్లం

ఆ ఉదయం పెద్దమ్మకు ఉన్న పని ఒక్కటే. కారెక్కి, ఎయిర్‌బేస్ కంచె పక్కనున్న మట్టిదిబ్బ దగ్గరికి పోయి, చిన్నకూతురి విమానం గాల్లోకి లేవడం కళ్ళారా చూడాలి. పదకొండింటికి లేస్తాయన్నారు. పెద్దమ్మ పొద్దున్న కాఫీ చల్లారకముందే చెప్పులు తొడుక్కుని ముందుగదిలో కూర్చుంది.

వీధివీధంతటికీ పెద్దమ్మ అయిన ఆవిడకు ఒక జబ్బు ఉంది. ఇంట్లోంచి ఎవరైనా బయల్దేరుతున్నారంటే చాలు, వంటింట్లో ఏదో పని తగులుకుంటుంది. పెద్దకూతురు కాపురానికి వెళ్ళిననాడు స్టవ్వు తోముతూ ఉండిపోయింది. తమ్ముడు ఆఖరిసారి వచ్చి వెళ్ళినప్పుడు, ఆ పూట వంటలోకి అక్కరలేకపోయినా, బుట్టెడు ఉల్లిపాయలు తరిగింది. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపితే, వెళ్ళేవాళ్ళు నిజంగానే వెళ్ళిపోతారని ఆవిడ భయం. ఊపకపోయినా వెళ్ళిపోయారు. అది వేరే సంగతి.

చిన్నకూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. యుద్ధవిమానం నడుపుతుంది. వాళ్ళ దళాన్ని ఎక్కడో దూరపు స్థావరానికి మారుస్తున్నారు. ఎన్నాళ్ళకని అడిగితే, "అది చెప్పకూడదమ్మా" అంది. పోనీ దారిలో తినడానికి ఏం కట్టమంటావంటే నవ్వింది. "డబ్బాలూ సీసాలూ వద్దు. పేరుకి అంత విమానం గానీ, దాంట్లో సామాను పెట్టుకోడానికి అలమరా గూడంత చోటు లేదు. మా యూనిఫాం మోకాలి జేబులో పట్టేదేదైనా ఇవ్వు, చాలు."

అందుకని పెద్దమ్మ కేకు చేసి, మోకాలి జేబుకు సరిపోయే ముక్క ఒకటి కోసింది. ఎన్నాళ్ళుగానో చచ్చిపడి ఉన్న వంటింటి తూకం మిషను ముందురోజు ఉన్నట్టుండి లేచి కూర్చుంది. ఎలా లేచిందని ఆవిడ అడగలేదు. ముక్కను తూచి, ఫాయిల్ కాగితంలో చుట్టి, ఫ్రిజ్ మీద పెట్టింది. ఇంకా చీకటి ఉండగానే పిచ్చుకను తీసుకుపోవడానికి జీపు వచ్చింది. పెద్దమ్మకు సరిగ్గా అప్పుడే కడిగిన గిన్నెలు మళ్ళీ కడగాలనిపించింది.

"అమ్మా, వెళ్ళొస్తా!"

"ఆఁ ఆఁ. ఫ్రిజ్ మీద పొట్లం ఉంది, తీసుకో!" అంది గిన్నెలవైపు తిరిగి.

జీపు చప్పుడు సందు మలుపు తిరిగేదాకా కుళాయి కట్టలేదు. తరువాత చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఈసారి కూడా గుమ్మంలో నిలబడి సాగనంపలేకపోయాననుకుంది. అందుకే ఇప్పుడు ఆ మట్టిదిబ్బ ఆవిడకంత ముఖ్యమైపోయింది.

ఇక కారు సంగతి. పెద్దమ్మ భర్త డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. వీధిలో అందరూ చిట్కా మాస్టారంటారు. ఫోన్‌లో వీడియోలు చూసి చేసే చిట్కాలకు అంతులేదు. కారు హెడ్‌లైట్లు పళ్ళపేస్టుతో తోముతారు. అద్దాలకు చెమ్మ పట్టకుండా మేజోడులో బియ్యం నింపి ముందు సీటు కింద పెడతారు. ఆ కారు గొప్పింటి కారు. గొప్పవాళ్ళు తిరిగి తిరిగి విసుగెత్తి వదిలేస్తే, సామాన్యుడికి అందే ధరకు దిగివచ్చింది. తలుపు వేస్తే దబ్బుమనదు, పెద్దమనిషి దగ్గినట్టు 'హుమ్' అంటుంది. దొంగలు రోడ్డు మీదే నిలబడి రిమోట్ తాళం సిగ్నల్ లాక్కుంటారని ఏదో వీడియోలో చూసినప్పటి నుంచి మాస్టారు సిగ్నల్ బయటికి పోకుండా ఆ తాళాన్ని ఫాయిల్‌లో చుట్టి దాస్తున్నారు.

ఎక్కడ దాస్తున్నారంటే, ఫ్రిజ్ మీద.

మాస్టారు కారు ముందు నిలబడి పొట్లం విప్పారు. విప్పినవారు విప్పినట్టే ఉండిపోయారు. అరచేతిలో కేకు ముక్క.

"ఏమే, తాళమేదీ?"

"ఏ తాళం?" అంటూ వచ్చిన పెద్దమ్మ ఆ కేకును చూడగానే నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో! అది పిచ్చుక పొట్లమండీ! మరి పిచ్చుక తీసుకెళ్ళిందేమిటి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎదురుగా కొట్టు తెరుస్తున్న టైలరు చేతిలో టేపుతో అటే చూస్తున్నాడు. "ఏం మాస్టారూ, కారుకి టిఫినా?" అన్నాడు.

పిచ్చుకకు ఫోన్ చేస్తే మోగదు. గేటు దాటితే ఫోన్లు బయటే పెట్టాలి. కారు లేకపోతే దిబ్బ లేదు. ఇది చాలదన్నట్టు పెద్దమ్మకు కొత్త భయం పట్టుకుంది. అంత ఎత్తున, అంత వేగంతో పోయే విమానంలో ఈ రిమోట్ ఏ మీట నొక్కుకుంటుందో! అన్నీ కరెంటుతో నడిచేవే కదా! ఆ భయంతోనే, పిచ్చుక ఎప్పుడో గోడమీద రాసిపెట్టిన గేటు నంబరుకు ఫోన్ కలిపింది.

"హలో, విమానాల గేటేనా? బాబూ, ఒక చిన్న సాయం. విమానం నడిపే పిల్ల జేబులో ఫాయిల్ చుట్టిన పొట్లం ఒకటుంది. పైకి లేవకముందే అది తీయించాలి నాయనా."

"ఎవరమ్మా మాట్లాడేది? ఏముంది అందులో?"

పెద్దమ్మ ఫోన్‌కు చెయ్యి అడ్డుపెట్టింది. "ఏముందని చెప్పమంటారు?"

"తాళం అనకు, పరువు పోతుంది. తాళం కోసం విమానాన్ని ఎవరాపుతారు? ఎలక్ట్రానిక్ పరికరం అను. వింటారు."

"ఎలక్ట్రానిక్ పరికరం బాబూ. రిమోట్."

అవతల గొంతు సన్నబడింది. "రిమోటా?"

"ఆఁ. మా ఇంట్లోదే. మీరేం కంగారు పడకండి. జాగ్రత్తగా విప్పితే ఏమీ కాదు. ఎర్ర బటన్ మాత్రం ఎవర్నీ నొక్కనివ్వకండి. మొన్న మావారు పొరపాటున నొక్కితే వీధివీధంతా అదిరిపోయింది."

అటునుంచి ఫోన్ పెట్టేసిన చప్పుడు. కాసేపటికి ఊరవతల నుంచి సైరను కూత వినబడింది. ఆ వెనకే ఇంకొకటి.

"పాపం, మంచివాళ్ళు. చెప్పగానే పనిలో దిగారు" అంది పెద్దమ్మ తెరిపిన పడి.

మాస్టారి మొహంలో రంగు మెల్లిగా దిగిపోతోంది. "ఏమే, నువ్వన్న మాటలు నీకు నువ్వే ఒకసారి మళ్ళీ చెప్పుకుని చూడు" అన్నారు.

పెద్దమ్మ చెప్పుకుంది. కారు హారను మోగించే ఎర్ర బటన్ దాకా రాగానే అరుగుమీద కూలబడిపోయింది. ఆకాశం బోసిగా ఉంది. పదకొండు దాటింది. ఒక్క విమానమూ లేవలేదు. "నా పిల్ల ఉద్యోగం నా నోటితో నేనే తీసేశానండీ!"

"నువ్వు ఏడవకు. కారు తలుపు తీస్తాను, అక్కడికే పోయి చెప్పుకుందాం. బట్టల హేంగరుతో తీసే చిట్కా ఒకటుంది."

"మీ చిట్కాలు పాడుగానూ! గోరుచుట్టు మీద రోకటిపోటని ఊరికే అన్నారా!"

మాస్టారు హేంగరు తీగ సాగదీసి అద్దం సందులోకి దూర్చారు. తీగ లోపల దేనికో చిక్కుకుంది. తీగ చుట్టుకున్న వేళ్ళూ చిక్కుకున్నాయి. జీపులు సందులోకి వచ్చింది సరిగ్గా అప్పుడే. తుపాకులు పట్టుకున్న మనుషులు దిగారు.

"చేతులు పైకెత్తు!"

మాస్టారు ఒక చెయ్యే ఎత్తారు. రెండోది కారులో ఉంది.

"రెండో చెయ్యి!"

"రావడం లేదు బాబూ!"

"ఆయన చెయ్యి అబద్ధమాడదండీ, ఇరుక్కుంది!" అని కొట్టులోంచి అరిచి, టైలరు మిషను వెనక్కి తలదించుకున్నాడు.

ఆఖరి జీపులోంచి పెద్దాఫీసరు దిగాడు. వెనకాల విమానం దుస్తుల్లో పిచ్చుక. మొహం కందగడ్డలా ఉంది. పెద్దమ్మకు పరుగెత్తుకుపోయి పట్టుకోవాలనిపించింది, వంటింట్లోకి పారిపోవాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేక నిలబడిపోయింది.

"ఇంజను స్టార్ట్ చేశాక దింపేశారమ్మా నన్ను!" అంది పిచ్చుక. "రన్‌వే మీద చేతులెత్తి నిలబెట్టారు. ఇసుకబస్తాల మధ్య పెట్టి విప్పారు ఆ పొట్లాన్ని. ఎవరు ఫోన్ చేశారు?"

"నేనేనే తల్లీ. అది కారు తాళం. నీ కేకు ఇదిగో, ఇక్కడే ఉంది."

ఆఫీసరు జేబులోంచి తాళం తీశాడు. "మీ అమ్మాయీ తాళమనే చెప్పింది. సరే, చూద్దాం. ఇది ఈ కారుదే అయితే తలుపు తీసుకోవాలిగా." అందర్నీ దూరం జరగమని, బటన్ నొక్కాడు.

కారు ఉలకలేదు, పలకలేదు.

మళ్ళీ నొక్కాడు. పెద్దమనిషి దగ్గలేదు. తుపాకుల వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. పిచ్చుక తండ్రివైపు చూసింది. ఆయన ఖాళీగా ఉన్న చేత్తో బట్టతల నిమురుకుంటున్నారు. తప్పు చేసినప్పుడు తప్ప ఆయన బట్టతల జోలికి పోరు. అది పెద్దమ్మకు పెళ్ళినాటి నుంచీ తెలుసు.

"ఏం చేశారండీ?"

"అబ్బే, ఏం లేదు..."

ఫ్రిజ్ మీద పొట్లాలు, దానికి ముందు కేకు, దానికి ముందు లేచి కూర్చున్న తూకం మిషను. పెద్దమ్మ మారు మాట్లాడకుండా వంటింట్లోకి పరుగెత్తింది. వెళ్ళిపోయేవాళ్ళను చూడలేక కాకుండా ఆవిడ వంటింట్లోకి పోవడం ఆ రోజు అదే మొదలు. మిషను తెచ్చి ఆఫీసరు ముందే వెనక మూత ఊడదీసింది. అందులోంచి రూపాయి బిళ్ళంత బ్యాటరీ అరచేతిలో పడింది.

"తూకం సరిగ్గా వస్తే కేకు బాగా కుదురుతుందని... మళ్ళీ పెట్టేద్దామనుకుని మరిచిపోయాను" అని గొణిగారు మాస్టారు.

"బ్యాటరీ లేని తాళానికి ఫాయిలెందుకు నాన్నా?"

"జాగ్రత్త మీద జాగ్రత్త."

బ్యాటరీ వేసి నొక్కగానే కారు రెండు కళ్ళూ ఆర్పి, తలుపులు వదిలింది. మాస్టారి చెయ్యి కూడా బయటపడింది. ఆఫీసరు చాలాసేపు ఆ తూకం మిషను వైపే చూశాడు.

"అమ్మా, మీ కేకు తూచడానికి నా విమానాలన్నీ నేలమీద ఆగాయి."

"నన్నేమన్నా అనండి బాబూ. పిల్ల మీద మచ్చ రాయకండి."

"ఏమని రాస్తాను? రాస్తే నవ్వేది మమ్మల్నే." ఆయన పెదవి చివర కొంచెం కదిలింది. "సాయంత్రం బయల్దేరతారు. ఈ వీధి మీదుగానే పోతారు. ఈలోగా మీరు ఎవరికీ ఫోన్ చెయ్యకపోతే చాలు." జీపు దగ్గరికి పోతూ పిచ్చుకతో, "త్వరగా రా" అన్నాడు.

పిచ్చుక తల్లి దగ్గరికొచ్చింది. కోపం సగం దిగిపోయింది. "ప్రతిసారీ వీపే చూపిస్తావు కదమ్మా నువ్వు. ఇవాళ కాస్త ముందుకి తిరిగుంటే, ఏ పొట్లమో నీకే తెలిసేది."

పెద్దమ్మ ఇంట్లోకి నడిచింది. మాస్టారు అలవాటు కొద్దీ అప్పుడే కారు లాక్ చేసేసి, తాళాన్ని మళ్ళీ ఫాయిల్‌లో చుట్టి ఫ్రిజ్ మీద పెట్టేశారు. తూకం మిషను లేకపోతే తనకు గడవదని ఆయన చుట్టేముందే పెద్దమ్మ బ్యాటరీని లాగేసుకుంది. కేకునూ తిరిగి చుట్టి ఆ పక్కనే పెట్టింది. జీపు హారను మోగింది. ఆవిడ కుళాయి వైపు చూసింది. తరువాత ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, ఒక పొట్లాన్ని తీసి వేళ్ళతో నొక్కి చూసుకుని, పట్టుకుని వీధిలోకి నడిచింది. తన చేత్తోనే కూతురి మోకాలి జేబులో పెట్టి జిప్పు లాగింది.

"ఇప్పుడే తినెయ్యకు. దిగాక విప్పు" అంది. జీపు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

సాయంత్రం విమానాలు వచ్చాయి. చప్పుడు చెవిన పడేసరికే అవి టైలరు కొట్టు దాటి ఆకాశం అంచున చుక్కలైపోయాయి. వాటిలో పిచ్చుక ఏదో తెలియదు. పెద్దమ్మ అన్నిటికీ ఊపింది.

"పద, కారులో అలా తిరిగొద్దాం. నీకూ మనసు తేలికపడుతుంది" అని మాస్టారు ఫ్రిజ్ మీది పొట్లం తెచ్చి విప్పారు. విప్పినవారు విప్పినట్టే ఉండిపోయారు.

"ఏమే!"

"తిరిగొచ్చేటప్పుడు తెస్తుందిలెండి" అంది పెద్దమ్మ ఆకాశంలోకి చూస్తూ. "తేక చస్తుందా! కారు మనది కదా."

మాస్టారు ఫోన్ వైపు చూశారు. పెద్దమ్మ మాస్టారి వైపు చూసింది. ఇద్దరూ అరుగుమీద కూర్చుని కేకు చెరిసగం తిన్నారు గానీ, ఆ పూట ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.