రెండుంపావుకే వచ్చిన ఫోను

ఆ ఉదయం రాజులమ్మ చీపురును బీరువా వెనక దాచింది. మనవరాలు శ్వేత విశాఖలో విమానం ఎక్కి, సింగపూరులో కొత్త ఉద్యోగానికి వెళ్తోంది. క్షేమంగా దిగానని ఫోను చేసేదాకా రాయగడలోని ఆ ఇల్లు ఊడ్చకూడదు. నలభై ఏళ్ల కిందట తమ్ముడు గున్నయ్య బోరిగుమ్మ సంతకు బయలుదేరగానే ఆమె వాకిలి ఊడ్చేసింది. గున్నయ్య ఇంతవరకూ రాలేదు.

భర్త సూర్యారావు రైల్వే గార్డుగా రిటైరైన మనిషి. టికెట్టు చూసి వంటింటి గోడ మీద సుద్దముక్కతో "10.00 – 16.30" అని రాశాడు.

"రెండువేల తొమ్మిదొందల కిలోమీటర్లు. ఆరున్నర గంటలు. అందాకా నోరు మూసుకో."

రెండుంపావుకు ఫోను మోగింది. తెలియని నంబరు.

"అమ్మమ్మా, వచ్చేశాను." గొంతు శ్వేతదే. కానీ బావిలోంచి వస్తున్నట్టుంది.

"ఎక్కడికొచ్చేవమ్మీ?"

"ఇక్కడ సాయంత్రమైపోయింది. అంతా తెల్లగా, చల్లగా ఉంది. ఎవరూ మాట్లాడరు. అందరూ ఒకే వైపు నడిచిపోతున్నారు."

పెరట్లో మిరపకాయలు మండుటెండలో ఎండుతున్నాయి. రాజులమ్మ గోడ వంక చూసింది. విమానం ఇంకా సముద్రం మీదే ఉండాలి. కెవ్వుమని ఫోను వదిలేసింది.

సంగతి విన్న సూర్యారావు గోడ మీది అంకెలు మళ్లీ చూశాడు. "ముప్పయ్యారేళ్ల సర్వీసులో రెండు గంటలు ముందొచ్చిన బండిని నాను సూడనేదు."

పెరుగు తోడుకోసం వచ్చిన పక్కింటి సత్యభామ గుమ్మంలోనే ఆగిపోయింది. "పోయినోళ్లకి పొద్దు బేగి గూకుతాదని మా అత్త సెప్పేది, పిన్నీ. మళ్లీ పిలిస్తే పలక్కు. నిన్నూ తీసుకుపోతాది."

ఫోను మళ్లీ మోగింది. దాని మీద వెదురుబుట్ట బోర్లించారు. మోగినప్పుడల్లా బుట్ట సందుల్లోంచి వెలుగు గోడ మీద పాకింది. పదకొండుసార్లు. వీధిలో పొయ్యిలు ఆరిపోయాయి, అరుగు నిండిపోయింది. సత్యభామ మొగుడు కూర్మారావు, ఎందుకైనా మంచిదని, ఓ పూలదండ కొనుక్కొచ్చాడు.

ఐదున్నరకు కోరాపుట్ నుంచి కారు వచ్చింది. శ్వేత తల్లి రోజారమణి దిగి, జనాన్నీ దండనూ చూసి మెట్ల మీదే కూలబడింది.

"పోయిందా?"

"పోయిందమ్మీ!" అంటూ లోపలి నుంచి రాజులమ్మ బోరుమంది.

చచ్చిన తల్లి గొంతు విని రోజారమణి కెవ్వుమంది.

ఇద్దరూ ఒకరినొకరు తడిమి చూసుకోవడానికి కొంతసేపు పట్టింది.

"శ్వేత నీ కేక విన్నాదట, అమ్మా. తరవాత ఎన్నిసార్లు సేసినా ఎత్తలేదని, అమ్మమ్మ పోయిందని నాకు ఫోన్ సేసి ఏడ్సింది. నాలుగు గంటల పయాణమే నాన్నా! అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు."

"రైల్వేలో దేశమంతటికీ ఒకటే టైము," అని సూర్యారావు గొణిగాడు.

రాజులమ్మ కళ్లు తుడుచుకుని చీపురు బయటికి తీసింది. మనవరాలు చేరింది. ఇక ఊడ్చుకోవచ్చు.

అప్పుడే రోజారమణి ఫోనుకు ఓ టికెట్టు ఫోటో, కింద రెండు ముక్కలు వచ్చాయి: "అమ్మమ్మ కడచూపుకు వస్తున్నా. విమానం ఎక్కేశాను." తిరిగి ఫోను చేస్తే, ఆపేసి ఉంది.

సూర్యారావు కళ్లజోడు సర్దుకుని, పాత అంకెలు చెరిపి, కొత్తవి రాశాడు: "20.30 – 22.00".

"ఎల్లినప్పుడు ఆరున్నర గంటలు," అన్నాడు మెల్లగా. "ఒచ్చినప్పుడు గంటన్నర."

రాజులమ్మ చీపురును మళ్లీ బీరువా వెనక పెట్టింది.