వేపకొమ్మ కట్టిన గుమ్మం

ఆ బుధవారం పొద్దున్న నరసింగరావుకి ఉన్నది ఒకటే పని. సాయంత్రం అయిదులోగా ఆదివారం అనుబంధానికి వ్యాసం పంపాలి. వరసగా రెండు వారాలు ఎగ్గొట్టాడు. "ఈసారి రాకపోతే మీ జాగాలో వంటల శీర్షిక వేసేస్తాం సార్" అని ఎడిటర్ ముందురోజే ఫోన్లో తేల్చేశాడు. ఇన్నేళ్లు రాసి రాసి చివరికి గుత్తివంకాయ చేతిలో ఓడిపోవడమా అని నరసింగరావుకి రాత్రంతా నిద్ర లేదు.

ఆయన వారంవారం రాసేది రెండు సంగతులు: మనుషుల మీద చిరాకు, పిల్లి మీద ప్రేమ. పిల్లి పేరు మౌని. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలు. "నా మౌనికి నాలాగే జనం గిట్టరు. ఏకాంతం విలువ తెలిసిన జీవి అది" అని రాస్తే పాఠకులు నమ్మేవారు. వాళ్లెవరూ మౌనిని చూడలేదు మరి.

శ్రీకాకుళంలో ఉద్యోగం విరమించాక, ప్రశాంతంగా రాసుకోవచ్చని శ్రీముఖలింగం దగ్గర భార్య పద్మకుమారి పుట్టిన ఊరికి మకాం మార్చాడు. పల్లెల్లో ప్రశాంతత ఉంటుందని పట్నంలో కూర్చున్నవాళ్లే అనుకోగలరు. ఆ వీధిలో తలుపు మూసి ఉందంటే లోపల జబ్బయినా ఉండాలి, తగువైనా ఉండాలి. ఏది ఉన్నా వెళ్లి అడగకపోతే మర్యాద కాదు. ఇన్నాళ్లూ అడగవచ్చినవాళ్లని పద్మకుమారి అరుగు మీదే కూర్చోబెట్టి సాగనంపేది. ఆవిడ కాస్తా నౌపడలో చెల్లెలింటికి వెళ్లింది. ఇంటికి కాపలా లేదు.

అప్పుడు తట్టింది ఉపాయం. కిందటి వేసవిలో వీధి చివరింట్లో పిల్లకి అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపకొమ్మ కట్టారు. బయటి మనిషి ఆ గడప తొక్కలేదు. నరసింగరావు చూసింది అంతవరకే. చదువుకున్నవాడు కాబట్టి మిగతాది అడిగి తెలుసుకోవాలనిపించలేదు. తెల్లవారుతూనే పెరట్లో రెండు వేపకొమ్మలు విరిచి గుమ్మానికి కట్టాడు. నున్నగా గడ్డం గీసుకుని, గడియ పెట్టుకుని బల్ల ముందు కూర్చున్నాడు. "నా మౌని గడప దాటదు" అని మొదటి వాక్యం రాశాడు. అప్పటికి మౌని ఇంట్లో లేదు. ఆయన చూసుకోలేదు.

కళ్లాపి చల్లడానికి బయటికొచ్చిన ఎదురింటి లక్ష్మణమ్మ చేతిలో చెంబు వదిలేసింది.

"ఓలమ్మో! అల్లుడుగోరింట అమ్మోరు పోసీసింది! ఒరే, పొయ్యిలు ఆర్పండర్రా!"

నరసింగరావుకి తెలియని మిగతా సగం ఇదీ: ఆ వీధిలో ఒక ఇంటికి అమ్మవారొస్తే వీధంతటికీ వచ్చినట్టే. ఏ ఇంట్లోనూ తాలింపు వేయకూడదు. నీసు వండకూడదు. శుభకార్యం తలపెట్టకూడదు. కాసేపట్లో వీధిలో ఆవాలు చిటపటలాడడం ఆగిపోయింది. లోపల నరసింగరావు, తన తెలివికి తనే మురిసిపోతూ, "నిశ్శబ్దమే నా నేస్తం" అని రెండో వాక్యం రాశాడు.

మూడో వాక్యానికి కిటికీ ఊచల్లోంచి పక్కింటి ఎర్రన్న మొహం కనిపించింది. అతని కూతురు శైలజకి ఆ రోజే పెళ్లిచూపులు. టెక్కలి నుంచి పెళ్లివారు బయల్దేరారు.

"బావగోరూ! ఎవులికి పోసింది? అక్క ఊళ్లో నేదు కదా, మీకేనేటి?"

ఎవరో ఒకరికి పోసి ఉండాలన్న సంగతి నరసింగరావుకి అప్పటిదాకా తోచలేదు. తనకే అందామంటే మొహం అద్దంలా మెరుస్తోంది. పైగా అమ్మవారున్న ఇంట గడ్డం గీసుకోవడం ఇంకో నేరం.

"మాటాడరేటి బావా? పెళ్లోలికి ఫోన్ సేసి ఏటి సెప్పమంటారు? కోడి సట్టిలో ఉడుకుతన్నాది!"

"మౌనికి" అన్నాడు నరసింగరావు.

"మౌనెవులు?"

"పిల్లి."

బయట పూర్తి నిశ్శబ్దం. నరసింగరావు జీవితమంతా కోరుకున్నది అలాంటి నిశ్శబ్దమే. అది ఎర్రన్న ఊపిరి పీల్చుకునేదాకా నిలిచింది.

"పిల్లికి అమ్మోరేటి! వినండర్రా! పిల్లికంట! ఆ పిల్లి కోసం నా కోడి పారబొయ్యాల!"

"నోరు ముయ్యరా ఎర్రన్నా, కళ్లు పోగలవు" అంది లక్ష్మణమ్మ. "తల్లికి మనిషనీ, పిల్లి అనీ తేడా ఉంటాదేటి? పిల్లికే వచ్చిందంటే ఈవిడ మామూలు అమ్మోరు కాదు. ఒసే, ముర్రాటలెత్తండే! డప్పులోలికి కబురెట్టండి!"

నిజం చెప్పేస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ నిజం చెబితే కిటికీ అవతల ఎర్రన్న ఉన్నాడు, అతని వెనక పారబోయాల్సిన కోడికూర ఉంది. నరసింగరావు పత్రికలో ఎంతటి మనిషినైనా ఏకిపారేస్తాడు. పత్రిక బయట ఆయన ధైర్యం అంతంత మాత్రం.

మధ్యాహ్నానికి పసుపునీళ్లు, వేపాకు నింపిన ముర్రాట కుండలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు గుమ్మం ముందు నిలబడ్డారు. డప్పు మోగుతుంటే గోడ మీద క్యాలెండరు ఊగుతోంది. పక్క ఊరి జనం కూడా ఆటోలు కట్టించుకుని వచ్చారు.

"తల్లిని బయటికి తేండి అల్లుడుగోరూ, పసుపెడతాం!"

గడియ తీయక తప్పలేదు. మంచం కింద, బీరువా మీద, బియ్యం డబ్బా వెనక, అంతటా వెతికాడు. మౌని లేదు. గుంపులోంచి, మిషన్ చర్చికి డోలు వాయించే ఎలీషా పిల్లిని చంకలో పెట్టుకుని వచ్చాడు.

"దీనికోసమేనా మాస్టారూ? ఇది మా రూతు. పొద్దుటేల మా ఇంటే ఉంటాది. ఎండుచేప నేకపోతే ముద్ద ముట్టదు."

"రూతేటి, మా బుజ్జి కదరా! మజ్జానం నా మంచం మీదే తొంగుంటాది" అంది లక్ష్మణమ్మ.

"బుజ్జీ నేదు, గిజ్జీ నేదు. ఇది సిట్టి!" అని ఎర్రన్న అరిచాడు. "నిన్న కోడి మెడ ఎత్తుకెళ్లింది ఇదే!"

ఏకాంతం విలువ తెలిసిన జీవి వీధిలో ఇంటికో పేరు పెట్టించుకుందని యజమానికి అప్పుడు తెలిసింది. ఆయన పెట్టిన పేరుకి మాత్రం అది తోక కూడా కదపలేదు.

లక్ష్మణమ్మ వంగి చూసింది. "సూడండే, ఒళ్లంతా మచ్చలే!"

"అత్తా, అయి పుట్టుకతో వచ్చినయి" అన్నాడు ఎలీషా.

"అయితే పుట్టుకతోనే తల్లి ఉన్నాదన్నమాట."

ఇక దానికి తిరుగులేదు. పిల్లి నుదుట పసుపెట్టారు. ముందు పాలు పెట్టారు. అది అంతమంది మధ్య కాళ్లు చాపుకుని, పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి సుఖం ఎరగనట్టు కళ్లు మూసుకుంది. లక్ష్మణమ్మ తీర్పు చెప్పింది: రేపట్నించి వీధిలో తాలింపులు వేసుకోవచ్చు, ఎవరి వంట వాళ్లదే. ఈ ఇల్లు మాత్రం వచ్చే మూడు మంగళవారాల వరకూ తలుపు మూయకూడదు, తల్లి వచ్చీ పోయీ దారి కాబట్టి. సాయంత్రాలు ఈ అరుగు మీదే పాటలు.

వీధికి అమ్మవారొచ్చిందని విని పెళ్లివారు దారిలోనే వెనక్కి తిరిగారు. ఆ సందట్లో శైలజ కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మావా, నీకు దణ్ణం. నా డిగ్రీ అయిందాకా ఏడాదికో కొమ్మ కట్టు."

అయిదు కావస్తోంది. డప్పుల మధ్య ఎడిటర్ ఫోన్ చేసి ఏదో అన్నాడు. వంకాయ అన్న ముక్కొక్కటే వినబడింది. నరసింగరావు చెవుల్లో దూది పెట్టుకుని, దిద్దుకునే వ్యవధి లేక, పొద్దున్న అనుకున్నదే అనుకున్నట్టు రాసి పంపేశాడు.

మర్నాడు దిగిన పద్మకుమారి, తన అరుగు మీద తనకి చోటు లేక వీధిలోనే నిలబడి అంది: "రెండ్రోజులు ఊరెల్తే ఇల్లు గుడి సేసీసినారేటి!"

వ్యాసం ఆదివారం వచ్చింది. వంకాయ ఓడిపోయింది. తెరిచిన తలుపు ఎదురుగా, అరుగు నిండా కూర్చున్న జనానికి శైలజ దాన్ని పైకి చదివి వినిపించింది: "నా మౌని గడప దాటదు. నిశ్శబ్దమే నా నేస్తం. దానికీ అంతే. మనుషుల పొడ గిట్టదు."

లక్ష్మణమ్మ ఒళ్లో కూర్చుని, మూతికి అంటిన చలివిడి నాక్కుంటూ, మౌని చివరిదాకా శ్రద్ధగా వింది.