అధ్యక్షులవారు సమర్పించిన వీపు

మసాజ్ నిపుణుల ధ్రువీకరణ మండలి నిర్వహించిన ప్రయోగ పరీక్షకు హాజరైనవారు, హోదా క్రమంలో: అధ్యక్షులవారు, అధ్యక్షులవారి వీపు, కార్యదర్శి, సభ్యులిద్దరు, అందరికన్నా చివర అభ్యర్థిని. వీపునకు ద్వితీయ స్థానం పొరపాటున దక్కలేదు. పరీక్షకు ఒక శరీరం అవసరం కాగా, బయటివారిని పిలిస్తే నిష్పాక్షికతకు భంగమని అధ్యక్షులవారే చొక్కా విప్పి బల్లపై బోర్లా పడుకొన్నారు. త్యాగమంటే అదీ.

లైసెన్సు లేని కారణాన అభ్యర్థిని దుకాణానికి మండలి తాళం వేసింది. ఆమె సంసారమంతా ఆ తాళం లోపలే ఉండిపోయింది. పరీక్షకు వచ్చిన ప్రతిసారీ ఆమె చేతి చలవకు అధ్యక్షులవారు గుర్రుపెట్టి నిద్రించేవారు. లేచాక, "ప్రతిభ ఉందమ్మా. కుడి భుజం దగ్గర కాస్త సాధన కావాలి. వచ్చే వారం రా" అని సెలవిచ్చేవారు. రోకలి వంటి చేతులున్న మరొక అభ్యర్థి మాత్రం మొదటి నొక్కుకే ఉత్తీర్ణుడయ్యాడు. ప్రమాణాలు ఈ విధంగా కాపాడబడుతున్నవి.

వరండాలో అభ్యర్థిని ఆడపడుచు తల కొట్టుకొంది.

"పిచ్చి వదినా! పాలిచ్చే గేదెను ఎవడైనా వదులుకుంటాడా? ఈసారి ఒక్క బాదు బాదు."

"నా చేతికి అలా రాదే!"

"మా అన్నయ్య మీద కోపమొస్తే బట్టలెలా ఉతుకుతావ్? అలా కానీ."

ఆమె లోపలికి వెళ్లి ఉతికింది. అధ్యక్షులవారి కేకను కార్యదర్శి 'ఏకగ్రీవ ఆమోదం'గా నమోదు చేశారు. బల్లపై పడుకొనే ఉండి సంతకం చేసిన అధ్యక్షులవారు, "తీసుకో తల్లీ, మళ్లీ ఈ గుమ్మం తొక్కకు!" అని ఆశీర్వదించారు.

దుకాణం తెరుచుకొంది. గోడకు ధ్రువపత్రం వెలసింది. ఆమె తన పాత మెత్తని చేతితోనే పని మొదలుపెట్టగా, విద్యావంతులైన వినియోగదారులు నొచ్చుకొన్నారు. "నొప్పే లేదు! ఇదేం లైసెన్సు చెయ్యమ్మా?" అని నిలదీసి, రోకలి చేతులవాని వద్దకు తరలిపోయారు. అక్కడ మూలుగులు వీధి దాకా వినవస్తాయి, అదే ప్రకటన. పొయ్యి వెలగాలి గనుక ఆమె కూడా ఇప్పుడు వచ్చినవారిని వచ్చినట్లే ఉతుకుతోంది. నడుం పట్టుకొని బయటికి వచ్చే పెద్దమనుషుల ముఖాలలో ఎంత తృప్తి!

ఒక వృద్ధుడు మాత్రం, "అంత గట్టిగా ఎందుకు తల్లీ? మెల్లగా నొక్కు... ఆఁ, హాయిగా ఉంది" అని పదిమంది ఎదుట ఒప్పుకొన్నారు. తన ఒంటికి ఏమి తెలిసిందో అదే నోటితో చెప్పిన ఆ పౌరుని సాహసాన్ని ఇందుమూలంగా సగౌరవంగా గుర్తించడమైనది. ఆనాడు ఆయన కళ్లజోడు ఇంట్లో మరచి వచ్చినందున గోడమీది ధ్రువపత్రాన్ని చూడలేదని అనంతర విచారణలో తేలినది.