సంగటిలో కారని పెన్ను

ఉద్యోగంలో చేరిన వారం లోపల కుడిచేతి చూపుడువేలు పెన్నుగా మారిపోతుంది కాబట్టి, ఏ పెన్ను కావాలో ముందే ఆలోచించుకుని రమ్మని ఎర్రదిబ్బల మండల కార్యాలయం వాళ్లు అంజినమ్మకు కబురు పంపారు. ఒకసారి మారిన వేలు రిటైరయ్యేదాకా మళ్లీ వేలు కాదు. అంజినమ్మది పంటల నమోదు సహాయకురాలి ఉద్యోగం. పొద్దున బల్ల దగ్గర, మధ్యాహ్నం నుంచి చేలల్లో. అందుకని పెన్ను ఆఫీసుకూ బయటకూ రెంటికీ పనికొచ్చేదై ఉండాలని, గట్టిగా, చేతికి హాయిగా ఉండేది చూసుకోమని కూడా చెప్పారు.

ఊళ్లో తలా ఒక సలహా ఇచ్చారు. బడిలో చదువు చెప్పిన అయ్యవారు ఇంకు పెన్ను పెట్టించుకోమన్నాడు, దస్తూరి చెడిపోదని. పక్కింటి సుంకమ్మత్త మాత్రం పట్టు మెత్తగా ఉందో లేదో చూసుకోమంది. చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకునే అలవాటున్న పిల్లకు గట్టి పెన్నయితే నిద్రలో ఒత్తుకుంటుందని ఆమె బెంగ. అంజినమ్మ అందరికీ తల ఊపింది. ఎవరికైనా ఎదురు చెప్పడం ఆమెకు చేతకాదు.

ఆమె ఆలోచన అంతా నాన్నను కన్న జేజి గురించే. అమ్మానాన్నలు బెంగళూరులో బిల్డింగు పనులకు పోయినప్పటి నుంచి ఇంట్లో ఉండేది ఆమే, జేజి ఓబుళమ్మే. జేజికి చేతులు వణుకుతాయి, చూపు ఆనదు. అంజినమ్మ చేతి ముద్ద తప్ప తినదు. రాగిసంగటి చిన్న ముద్ద తీసి, చూపుడువేలితో గుంట చేసి, ఆ గుంటలో వేరుశనగలు నూరిన పచ్చడి, చెనిక్కాయల ఊరిబిండి, పెట్టి నాలుక మీద వేయాలి. గుంట లేని ముద్ద జేజికి గొంతు దిగదు. సుంకమ్మత్త ఒకసారి స్పూనుతో పెట్టబోతే, సూదిమందు చూసినట్టు నోరు బిగించేసింది. కాబట్టి అంజినమ్మకు కావలసింది వేడి సంగటిలో ముంచినా సిరా కారని పెన్ను. అది దొరక్కపోతే జేజి పస్తే.

కబురు అందిన రోజే ఆమె టిఫిన్ డబ్బాలో సంగటి, ఊరిబిండి పెట్టుకుని కార్యాలయానికి నడిచింది. ఊరి నుంచి అక్కడికి తారు రోడ్డు ఉంది. సూపరింటెండెంటు హనుమప్ప సారు చాలా కాలం కిందట తన వేలితో రాసిన రోడ్డు అది. ఆ వేళ్లతో రాసింది జరిగినట్టే లెక్క కాబట్టి ఊళ్లోవాళ్లు దాని మీదే నడుస్తారు. కంపచెట్లు దాటుకుంటూ, ముళ్లు తీసుకుంటూ, బస్సులకు దారి వదిలి ఎడమపక్కన నడుస్తారు. అంజినమ్మ కూడా అలాగే నడిచింది.

హనుమప్ప సారుది పాతకాలపు ఇంకు పెన్ను. ఎండాకాలం కారుతుందని దానికి చేతిరుమాలు చుట్టుకుని ఉంటాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయన పెరుగన్నం నీలంగానే ఉంటుంది. దానికి ఆయన చింతించడు. అందరి క్యారియర్లూ ఒకచోట కలిసిపోయినా తనది వెతుక్కునే పని లేదంటాడు. అంతకుముందే సహాయకురాలిగా చేరిన మాబున్నీది జెల్ పెన్ను. రాత వెన్నలా జారుతుంది కానీ వాన పడితే నిలవదు. పోయిన ముసురుకు ఆమె రాసిన చెరువుకట్ట మరమ్మతు మొత్తం వంకలో కొట్టుకుపోయింది. తిరిగి రాసేదాకా కట్ట మీద గేదెలను తోలవద్దని దండోరా వేయించారు.

స్టోరు గదిలో పళ్లెం నిండా పెన్నులు పెట్టారు. అంజినమ్మ గోడ వైపు తిరిగి డబ్బా మూత తీసి, ఒక్కో పెన్నును సంగటిలో గుచ్చి చూడడం మొదలుపెట్టింది. హనుమప్ప సారు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. ఇది స్టోరు గదా, హోటలా అని అడిగాడు. ఆమె నేల చూపులు చూస్తూ జేజి సంగతి చెప్పింది. సారు మంచివాడే. నొచ్చుకున్నాడు.

"నియమాల్లో ఆఫీసు ఉండాది, బయట ఉండాది. వంటిల్లు ల్యా తల్లీ. వంటింటికని పెన్ను ఇచ్చినామంటే రేపు నన్ను అడుగుతారు."

అంజినమ్మ కాలి బొటనవేలితో నేల గీరింది.

"మా జేజి అరుగు మీద కూచోని తింటాది సార్. అరుగుకు పైకప్పు ల్యా."

హనుమప్ప సారు కళ్లు మూసుకుని నియమాలన్నీ ఒకసారి మనసులో తిప్పుకున్నాడు. కప్పు లేనిదంతా బయటే. కానియ్యమన్నాడు.

ఎర్ర పెన్నులు పెద్ద ఆఫీసర్లకు మాత్రమే కాబట్టి వాటిని ముట్టుకోలేదు. జెల్ పెన్ను తగలగానే సంగటి చుట్టూ నీలం పాకింది. సన్న మొన పెన్నులో రాగిపిండి ఇరుక్కుని ఆ తర్వాత గీత పడలేదు. బంగారు క్లిప్పు పెన్ను చూడడానికి పెళ్లికొడుకులా ఉంది గానీ, ఊరిబిండి కారానికి దాని రంగు ఊడింది. చివరికి పళ్లెం అడుగున, బొద్దుగా, స్టీలు ముక్కుతో, నొక్కితే మొన లోపలికి పోయే నీలం బాల్ పెన్ను ఒకటి దొరికింది. సంగటిలో ముంచితే అద్దంలా బయటికి వచ్చింది. కొళాయి కింద పెట్టింది, కిటికీలో ఎండబెట్టింది, కిందపడేసి చూసింది. తీసి రాస్తే చక్కగా రాసింది. పట్టు కూడా మెత్తగానే ఉంది.

"పరీక్ష అయిపోయింటే ఆ ఊరిబిండి ఇట్ల తే పాపా," అంది మాబున్నీ, "పారేస్తే పాపం తగులుతాది."

మంగళవారం పొద్దున జడ వేసుకుంటుండగా అంజినమ్మ వేలు టిక్కుమంది. నొప్పేమీ లేదు. కొంచెం చక్కిలిగింతలు పెట్టినట్టయింది, అంతే. జేజి ఆ వేలిని తడిమి చూసి, రోకలికి వేసే ఇనప పొన్నులాగా చల్లగా ఉందంది. మధ్యాహ్నం సంగటి ముద్దలో గుంట మునుపటికన్నా గుండ్రంగా పడింది. జేజి నాలుక చాపించి చూసుకుంది అంజినమ్మ. ఎక్కడా నీలం లేదు. ఆ రోజు జేజి రోజూ కంటే ఎక్కువే తిన్నది. అంజినమ్మకు పట్టరాని సంతోషమేసి, గోడ మీద చిన్న చిలుక బొమ్మ గీసింది. అది కాసేపు అరిచి ఎగిరిపోయింది.

మంచి పెన్ను అని తెలిస్తే అందరూ ఒకసారి ఇమ్మంటారు. అంజినమ్మ పెన్ను ఎండకు కారదు, వానకు చెదరదు అని తెలిశాక మాబున్నీ రాయాల్సిన చేలు కూడా ఆమెకే ఇచ్చారు. ఆ తర్వాత పక్క మండలం నుంచి జీపు పంపించి తీసుకుపోయేవాళ్లు. వానలు లేక బీడు పడిన చేలల్లో ఆమె చెనిక్కాయ అని రాసేది, అలా రాయమని పైనుంచి చెప్పారు గనుక. మర్నాటికి రైతులు గట్టు మీద నిలబడి కాయ పట్టే ఊడలు బాగా దిగినాయని చెప్పుకునేవాళ్లు. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. ఎదురొచ్చి దండం పెట్టారు. జీవితంలో మొదటిసారి జనం తన ముఖం చూసి మాట్లాడుతున్నారని ఆమెకు లోపల మెత్తగా, గర్వంగా ఉండేది.

అలాంటి ఒక మధ్యాహ్నం జీపు అంజినమ్మ ఇంటి వీధిలోనే ఆగింది. డ్రైవరు ఇంజను ఆపలేదు, హారన్ కొడుతున్నాడు. సంగటి ఇంకా కెలకాలి. జేజి అరుగు మీద కూర్చుని చెయ్యి చాపింది.

"పొయ్యి ముట్టించేంత పొద్దు యాడుంది మే నీకు? ఊరందరికీ పంటలు రాస్తాండావు గదా. నా చేతిలో ఇంత సంగటి రాసి పో."

అంజినమ్మ నవ్వింది. జేజి నవ్వలేదు. హారన్ మళ్లీ మోగింది. ఆమె టిక్కుమనిపించి, వణుకుతున్న ఆ అరచేతిని ఎడమచేత్తో అదిమి పట్టుకుని 'సంగటి తిన్నది' అని రాసింది. జీపు ఎక్కి వెనక్కి తిరిగి చూస్తే జేజి తేన్చుతోంది.

ఆ తర్వాత తేలికైంది. జేజి పులుసు కూడా రాయమనేది. పండగనాడు నెయ్యి రాయించుకుంది. గొంతు దిగదని 'గుంట చేసిన ముద్ద' అని విడిగా రాయించుకునేది. పొయ్యిలో బూడిద చల్లారి, దాని మీద పిల్లి పడుకోవడం నేర్చుకుంది. జేజి రోజురోజుకీ తేలికవుతూ వచ్చింది. అరుగు మీద నుంచి లోపలికి తీసుకుపోవడం ఇప్పుడు దుప్పటి మడిచి పట్టుకున్నంత సులువు. ఆరోగ్యకార్యకర్త వచ్చి అరచేయి చదివి, భోజనం బాగా అందుతోందని మెచ్చుకుని, తన వేలితో కింద 'క్షేమం' అని రాసి పోయింది. దాంతో జేజికి మోకాళ్ల నొప్పులు కూడా తగ్గాయి.

ఒక సాయంత్రం అంజినమ్మ పెందలాడే ఇల్లు చేరి, చాలా రోజులకు రాగిపిండి డబ్బా తీసింది. పిండికి పురుగు పట్టింది. అరుగు మీదికి వచ్చి జేజి పక్కన కూర్చుంది. ఎదురుగా బీడు చేనులో చెనిక్కాయ పసుపు పచ్చగా పూసి ఉంది. జేజి చెయ్యి చాపింది. అంజినమ్మ రాసింది.

"నువ్వు తిన్న్యావా మే?"

లేదంది అంజినమ్మ.

"నీకూ రాసుకో. వేలు నీదే గదా, ఎవుర్ని అడగల్ల?"

నిజమేననిపించింది. ఆమె ఎడమ అరచేయి చాపుకుని కుడివేలితో గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. పెన్ను ఎక్కడా ఆగలేదు, సిరా కారలేదు. ఎంత మంచిది దొరికిందో అనుకుంది. కాసేపటికి ఎవరి కడుపులోనో గుర్రుమని చప్పుడైంది. అది జేజిదో తనదో తెలియలేదు. అలాంటిదేమీ ఎక్కడా రాసి లేదు కాబట్టి ఇద్దరూ పట్టించుకోలేదు.